ఊరి పేరులో ఒక సందు

చిత్తూరు బైపాస్ పక్కన గుజ్జు ఫ్యాక్టరీలో
కాటా చీటీల స్క్రిప్టు రాసింది నేనే.
నాలుగు మాటలు అడుగుతుంది అది, వరసగా:
బండి నంబరు, ఊరు, కాయ రకం, బరువు.
ఏ మాట ఏందని చూడదు, ఎన్నోదని చూస్తుంది, అంతే.
సున్నా స్థానంలో తన పేరు తానే పెట్టుకోని
ఒకటి నుంచి మనల్ని కూర్చోబెడుతుంది.

పలమనేరుతో చూసినా. పుంగనూరుతో చూసినా.
ఐరాల, పెనుమూరు, తవణంపల్లె,
అన్నీ ఒక్క గుక్కలో పలికే ఊర్లు.
బాగుండాదిలే అని పోయి పండుకున్నా.

రాత్రి రెండున్నరకి యుగంధర్ ఫోను.
"అనా, చెంగల్రాయుడంట, కాటా దిగి పోనంటా ఉండాడు."

మురకంబట్టు నుంచి బండేసుకోని పోయినా.
చీటీ చూస్తానే నిద్ర దిగిపొయ్యింది.
ఊరు: గంగాధర.
రకం: నెల్లూరు.
బరువు: సున్నా.

గంగాధర నెల్లూరు. నడమ ఒక్క ఖాళీ.
ఆడ ఊరు రెండు ముక్కలై
తోతాపురి పోయి బరువు కుర్చీలో కూర్చుంది.
మూడు వేల ఎనిమిది వందల నలభై కిలోలు
అయిదోదై, పిలిచే దిక్కు లేక
వాకిట్లోనే నిలబడిపొయ్యింది.
తప్పని ఒక్క మాటన్నా అనలేదు స్క్రిప్టు.
చక్కగా అచ్చేసి చేతికిచ్చింది.

చెంగల్రాయుడు అరవలేదు.
సొన కారిన తొట్టి మీద చెయ్యేసి అడిగినాడు:
"మా ఊరి పేరు పొడుగైతే కాయ తూకం తగ్గుతుందా నాయనా?"
వెనక పదకొండు బండ్లు, హారన్లు.

ఊరికి అటొకటి ఇటొకటి కోట్ గుర్తు పెట్టమంటి యుగంధర్ని.
లోపల నేను ఊరిని తలిచిన ప్రతి చోటా
నేనూ పెట్టుకుంటా పోయినా.
వాకిట్లో పట్టుకోని నట్టింట్లో వదిలేస్తే
మళ్లీ చీలుతుంది.
ఇంకో వరస కూడా రాస్తి, చేతులు వణకతా ఉంటే:
నాలుగుకి ఒకటి తగ్గినా, ఒకటి మించినా
ఆగు. అడుగు. అచ్చెయ్యొద్దు.

కొత్త చీటీ వచ్చింది.
చెంగల్రాయుడు లైటు కిందికి పోయి
వేలు పెట్టి చదువుకున్నాడు.
గంగాధర దగ్గర వేలు ఆగింది.
ఖాళీ మీద రవ్వంతసేపు ఉండి
నెల్లూరు మీదికి జరిగింది.

బండి కదిలింది.
రెండోది మొదటిదైంది.
యుగంధర్ ఊరి పేరు అడగక ముందే
గుర్తు తెరిచి పెట్టుకున్నాడు.