నీళ్ళని అడిగి

మే నెల. స్కార్‌వొయ్ రేవు మీద ఎండ
పాల మీద మీగడలా పల్చగా పరుచుకుంది.
థర్మామీటరు పద్దెనిమిది అంటోంది.
జీన్స్ ప్యాంటు, నూలు బనీను, పైన పాత హుడీ.
కయాక్ భుజానికెత్తుకుని బయల్దేరాను.

గుమ్మంలో మా అక్క సూల్‌ఫ్రీద్.
ఇరవై రెండేళ్ళుగా రెస్క్యూ పడవ మీద ఉద్యోగం.
ఎక్కువ మాట్లాడదు.
బకెట్‌తో సముద్రపు నీళ్ళు తెచ్చి ముందు పెట్టింది.
"చెయ్యి ముంచు. వంద లెక్కపెట్టు."
ముప్ఫై నాలుగు దగ్గర ఎముకలు మూలిగాయి.
అరవై దగ్గర వేళ్ళు నావి కావు.
వంద.
"ఇప్పుడా చేత్తో నీ జిప్పు తియ్యి."
తియ్యలేకపోయాను.

"పైన పటారం, లోన లొటారం. మే నెలంటే అదే.
ఎండ చెప్పే కబుర్లు నీళ్ళు ఇంకా వినలేదు.
ఆకాశాన్ని అడిగి బట్ట కట్టకు.
ఎందులో పడతావో దాన్నడుగు."

ముందు నూలంతా విప్పించింది.
పొడిగా ఉన్నంతసేపూ నూలు మంచిదే.
తడిసిందంటే అప్పులవాడిలా ఒంటిని పట్టుకుని
ఉన్న వేడంతా వసూలు చేసుకుపోతుంది.
ఉన్ని అలా కాదు, తడిసినా కాస్త కనికరం ఉంచుకుంటుంది.
"ఈ వానల్లో గొర్రెలెలా బతుకుతున్నాయనుకున్నావ్?"

ఉన్ని మీద డ్రైసూట్.
మెడ దగ్గరి రబ్బరు పట్టీ
మొహమాటం లేని చుట్టంలా గొంతు పట్టుకుంది.
"కొంచెం కత్తిరించనా?"
"ఊపిరాడుతోందా?"
"ఆడుతోంది."
"అయితే సరిపోయింది."
గొంతుక్కూర్చోబెట్టి, పట్టీని ఒక్క వేలితో ఎత్తి
లోపలి గాలినంతా బుస్సుమనిపించింది.
పక్కింటి ఆల్వ్‌హిల్డ్ కిటికీలోంచి నవ్వడం నేను చూశాను.

రంగు దగ్గరే పోట్లాట.
చేప బెదరకుండా నాకు నాచు రంగు కావాలి.
ఆమె చేతిలో నారింజ రంగుది,
కళ్ళలో కారం కొట్టినట్టు.
"చేప నిన్ను వెతకదు. వెతికేది మేము.
అలల్లో నాచు రంగు తల ఒకటి,
నాచేలే అనుకుని దాటిపోయాక..."
అక్కడ ఆగింది.
ఆ వాక్యాన్ని ఇప్పటికీ పూర్తి చెయ్యలేదు.
సూట్ నారింజదే తొడుక్కున్నాను.
టోపీ మాత్రం, పంతానికి, నాచు రంగుదే.

లైఫ్ జాకెట్ బిగించి
భుజాల దగ్గర పట్టుకుని పైకి గుంజి చూసింది.
గడ్డం దాకా రాలేదు.
విజిల్ ఎడమ పక్క, పొట్టి కత్తి కుడి పక్క,
గాలాలు డబ్బాలో, జేబులో కాదు.
తర్వాత రేవు మెట్ల దిగువన మొలలోతు నీళ్ళలోకి నడిపించి
వెనక్కి తోసింది.
నిజంగానే తోసింది.

మూడు వారాలకి, ఒక గురువారం,
చిన్న దీవి వెనకాల
కాడ్ చేప ఒకటి ఎడమకి లాగింది.
నేనూ ఎడమకే వంగాను.
ఆకాశం ఒక్కసారిగా కిందికెళ్ళింది.

చలి ముఖానికి తగిలింది.
ముఖానికీ చేతులకీ మాత్రమే.
మిగతా ఒళ్ళంతా
బయట ఎవరో తలుపు బాదుతుంటే
గడియ వేసుకుని లోపల కూర్చున్నట్టుంది.
రెండుసార్లు జారి
మూడోసారి పొట్టమీద పాకి ఎక్కాను.
చేప లేదు. తెడ్డు తాడుకి వేలాడుతోంది.
టోపీ కోసం చూశాను.
పది గజాల్లోనే ఉండాలి. గాలి కూడా లేదు.
నీళ్ళు, నాచు, నీళ్ళు.
చాలాసేపు చూశాను.

ఇంటికొచ్చి ఏమీ చెప్పలేదు.
"ఏమైనా పడిందా?" అంది అక్క.
"పడింది. మళ్ళీ ఎక్కింది" అన్నాను.
నాలిక కరుచుకునేలోగా నా తడి జుట్టు చూసింది.
ఏమీ అనకుండా సూట్ తీసుకెళ్ళి
మంచినీళ్ళతో కడిగింది.
జిప్పుకి మైనం రాసింది.
మెడ పట్టీని దీపం ముందు సాగదీసి
పగుళ్ళున్నాయేమోనని తిప్పి తిప్పి చూసింది.
అటు తిరిగే అడిగింది,
"టోపీ ఏది?"

"వెతికాను" అన్నాను.