సీటు చెక్క

షువైఖ్‌లో టైర్ల అంగడి వెనక రేకుల షెడ్డు మాది.
జూలై నెల. ఇనుం పట్టుకుంటే చెయ్యి అంటుకుంటాది.
వఫ్రా తోటలో మేకల కొట్టం కింద దొరికిందంట ఆ బండి.
ట్రైలర్ మీంచి దించినప్పుడు
దాని ముక్కు నిండా మేకపెంట.

రెండే సీట్లు. తలుపులు మోకాలెత్తు.
మా ముదీర్ నాయన కూడా పుట్టకముందుదంట,
ఇట్టాంటివి లోకంలో వేళ్ళ మీద లెక్కపెట్టచ్చంట.
ఇంజను రొజారియోది, రేకు చాక్కోది,
రంగు ఎవరిదో ఇంకా తేల్లేదు.
సీట్లు నావి.

మాది ప్రొద్దుటూరు. దూదేకులోళ్ళం.
మా నాయన విల్లు భుజానేసుకొని వీధి మొదట్లో తంతి మీటితే
పరుపులు వాటంతటవే మిద్దెలు దిగొచ్చేవి.
ఆ మోత నాకు రాలేదు.
దబ్బనం వచ్చింది.

లండన్ నుంచి దిగిన తెల్లాయన
కళ్ళద్దాలు నుదుటికెత్తి, పాత ఫొటోలు పరిచి చెప్పినాడు:
మొదట ఎట్లుండెనో అట్లే ఉండాల.
అంగుళానికి ఏడు కుట్లు.
ఎర్ర తోలు, అదీ ఎండిన దానిమ్మ తొక్క ఎరుపు.
దానిమ్మ మాట ఆయన అన్లేదు, నేనే అనుకుంటి.

తోలు కోస్తే
మొదట ఎలుక గూడు.
తర్వాత గుర్రం వెంట్రుకలు, సీమవి, నల్లగా, ఇంకా పొగరుగా.
డ్రైవర్ సీట్లో మాత్రం
ఖర్జూరపు పీచు,
పీచులో కలిపి ఏకిన పత్తి.
ఇది సీమ పని కాదు.
ఎవరో ఇక్కడే, ఈ ఉక్కలోనే, నాకంటే ముందు
దీని కడుపు విప్పి మళ్ళీ కుట్టినారు.
ఎడమచేతి వాటం మనిషి. ముడి చూస్తే తెలుస్తాది.
ముడి మీద ముడేసి, కొస లోపలికి తోసి దాచినాడు
మా నాయన దాచినట్టే.

పీచు పారేయ్ అన్నాడు తెల్లాయన,
ఫొటోలో పీచు లేదు కదా.
పారేసినా.
ఒక పిడికెడు తప్ప.

చెక్క తిప్పి చూస్తిని.
పెన్సిల్ రాత. ఉర్దూ.
మదర్సాలో నాలుగేండ్లు తిన్న దెబ్బలు ఇన్నాళ్ళకు పనికొచ్చె:
'సీటు కూలి పన్నెండు రూపాయలు. ముట్టింది అయిదు.
ఏడు రావాలి.'
పేరు లేదు, తేదీ లేదు.
ఈ దేశంలో రూపాయి నడిచిన కాలం.

సాయంత్రం అబూ నాసర్ వచ్చినాడు
తెల్ల దిష్‌దాషా అంచు రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకొని.
మంచోడే. వచ్చినప్పుడల్లా అందరికీ మజ్జిగ సీసాలు తెస్తాడు.
బండి వాళ్ళ తాతది.
రాత మీద వేలు పెట్టి అడిగినాడు,
ఏమని ఉండాది కాశింవలీ?

నా నోట్లో మేకులున్నాయి.
ఒక్కొక్కటే అరచేతిలోకి ఊంచుకుంటా ఉంటి.
చాక్కో సుత్తి ఆగిపోయింది.
ముదీర్ ఆయన వెనకే నిలబడుండాడు,
నాకు రెండు నెలల ఓవర్‌టైం బాకీ ఉన్న ముదీర్.
నాలుక కొసన ఏడు.
'కొలతలు సార్' అంటిని,
'మీ తాత కాలం కొలతలు.'

ఆయన ఆ చెక్కను నిమిరినాడు
మావాళ్ళు కడప దర్గా గడప నిమిరినట్టు.
నాకు నిద్ర పట్టలేదు ఆ రాత్రి.
ఉక్కకు కూడా కావచ్చు.

స్ప్రింగులు కట్టి, గోనెపట్ట లాగి,
చెక్క మూసేముందు
వడ్లంగి పెన్సిల్ అరువడిగి తెచ్చుకుంటి.
ఆ ఏడు కింద, తెలుగులో,
తొంభై దీనార్లు, రావాలి.
పేరు రాద్దామా వద్దా అని శానాసేపు కూచుంటి.
కా అని రాసి ఆపేస్తిని.
ఆ పిడికెడు పీచు మూలకు కుక్కితిని.
ఫొటోలో మూల కనపడదు.

కుట్టినోడే ముందు కూచోవాల, అది పద్ధతి.
కూచుంటి.
స్టీరింగు లేదు. కాళ్ళ కింద పలక బిగించలేదు,
నేల మీద నూనె మరకలు కనపడతాండాయి.
నా కింద రెండు బాకీలు,
దేనిదీ మెత్తదనం తగ్గలేదు.
ఊరికే చేతులు రెండూ గాల్లో పెట్టి తిప్పితే
రొజారియో ఇంజను చాటునుంచి
నోటితో హారన్ కొట్టినాడు.
మేకలు లేసిపోయేంత గట్టిగా.

ముదీర్ అరిచినాడు,
దిగు.