ఒకే మైకు

ఫైర్ స్టేషన్లో ఎర్ర బండిని వానలోకి తోసి
ఆ ఖాళీలో మాకు చోటిచ్చారు.
నేల మీద ఇంకా నూనె మరక.
దాని నడుమ మా ఒకే ఒక్క మైకు,
చేపల వేపుడు వాసనకి కాస్త తల వంచి.

డెల్మస్ పగలంతా గ్యాసు లారీ తోలతాడు.
వర్జీనియా కొండల్లో ఏ మలుపు దగ్గర
ఏ కుక్క వెంటపడుతుందో తెలిసినవాడు.
పాటలు రసీదుల వెనక రాస్తాడు.
అందుకే మా పాటలన్నిటికీ
అవతలి పక్క ఎవరిదో బాకీ ఉంటుంది.

రోవీనాది బేసు. మనిషి కన్నా పొడుగు.
నాలుగేళ్ల కిందటి దాకా అతని భార్య.
విడాకుల్లో లారీ అతనికి, కుక్క ఆమెకి.
బ్యాండు సంగతి జడ్జి అడగలేదు,
వీళ్ళూ చెప్పలేదు.

ఫిడేలు టోబిన్‌ది, పంతొమ్మిదేళ్ళు.
గని మూసేశాక పుట్టినవాడికి
గని పాటలంటేనే ప్రాణం.
బాంజో నాది. నా ఉంగరపు వేలు సగమే.
మిగతా సగం ఎక్కడుందో కొండనడగాలి.

ఒకే మైకంటే,
వంతు వచ్చినవాడు ముందుకి,
అయిపోగానే భుజం తిప్పి వెనక్కి.
మోత ఎక్కువున్నవాడు ఒక అడుగు తగ్గాలి.
ఆ అడుగు నాదేనని ఒప్పుకోడానికి
పదకొండేళ్ళు పట్టింది.

పల్లవికి మాత్రం తలలు ఒక్కచోట చేరాలి.
టోపీ అంచు ఆమె నుదుటికి తగులుతుందని
డెల్మస్ టోపీ తీసేస్తాడు.
కాపురం చేసిన రోజుల్లో
ఇంట్లో అన్నం దగ్గర కూడా తీసేవాడు కాదట.

ఆ రాత్రి కొత్త పాట.
మైకు కర్రకి బట్టల క్లిప్పుతో రసీదు.
నువ్వు వెళ్ళాక
ఆకుపచ్చ తలుపు గాలికి కొట్టుకుందని పల్లవి.
పైస్వరం రోవీనా అందుకోవాలి.
అందుకుంది.
అతను ఆకుపచ్చ అన్న చోట
ఆమె నీలి అంది, సాగదీసి.

టోబిన్ కమాను ఆగబోయి ఆగలేదు.
నేను నూనె మరక చూస్తూ వాయించాను.
రెండోసారీ అతను ఆకుపచ్చ, ఆమె నీలి.
ముందు వరసలో, చేతులకి పిండితో
ఒక ముసలావిడ పైకే నవ్వేసింది.

మూడోసారి ఆ మాట దగ్గరికొచ్చి
అతను నోరు మూశాడు.
ఆమె కూడా.
రంగులేని తలుపొకటి
గిటారు మీద
కొట్టుకుంది, కొట్టుకుంది.

తర్వాత వానలో బేసుని వ్యానెక్కించారు.
దానికి ఇద్దరు కావాలి, ఎప్పుడూ.
"ఆ రంగు వేసింది నేనే," అంది రోవీనా, మెడ పట్టుకుని.
"ఆ వేసవంతా నువ్వు చీకటితో వచ్చి
చీకటితో పోయావు. చీకట్లో నీలం
ఎలాగూ కనపడదులే."

డెల్మస్ పెన్ను కోసం జేబులు తడుముకున్నాడు.
నా దగ్గరుంది. ఇవ్వనా మాననా అని
ఒక క్షణం ఊగి, ఇచ్చాను.
అతను దిద్దలేదు.
రసీదు మడిచి, పెన్నుతో సహా
ఆమె కోటు జేబులో పెట్టాడు.
"నువ్వే రాయి. ఇంకెన్ని తప్పులున్నాయో."

స్టేషన్ కప్పుకి ఆ రాత్రి
ఆరొందల పన్నెండు డాలర్లు వచ్చాయి.
పాట ఇంకా తేలలేదు.
నా పెన్నూ తిరిగి రాలేదు.