చింపిన తేదీల వెనక

వంటగది గోడకు రంగేద్దామని
అలమర పక్కకు జరిపితే
వెనకనుంచి బిస్కట్ల డబ్బా ఒకటి జారిపడింది.
మూత ఊడి
ఇరవై ఏళ్ళ తేదీలు నేలంతా.

మా రీబిన్స్క్‌లో ఇంటింటికీ ఉండేది ఆ క్యాలెండర్.
అరచేతంత కాగితాలు, రోజుకొకటి చింపాలి.
ముందువైపు తేదీ, పొద్దుపొడిచే వేళ, చంద్రుడి తునక.
వెనకవైపు ఆడవాళ్ళకు సలహా.
మగవాళ్ళ క్యాలెండర్ వేరే. ఓల్గాలో
చేపలెప్పుడు పడతాయో చెప్పేది.

అమ్మ చదివి పారేస్తుందనుకున్నాను ఇన్నాళ్ళూ.
ప్రతి కాగితం మీదా పెన్సిల్‌తో, పొట్టి అక్షరాలతో
తీర్పు రాసి దాచింది.

మార్చి నాలుగు.
"బల్లగుడ్డ మీద మైనం కారితే పైన కాగితం పరిచి ఇస్త్రీ చేయండి."
*నిజమే. పాత పేపరు మాత్రం వాడకూడదు.
మంత్రిగారి ముఖం గుడ్డకు దిగింది.*

జూన్ పందొమ్మిది.
"కళ్ళకింద నలుపుకు దోసకాయ చక్రాలు, పావుగంట."
*పావుగంట పడుకోనిచ్చారు. దానికే తగ్గి ఉంటుంది.
చక్రాలు సలాడ్‌లో వేశాను. ఎవరూ కనిపెట్టలేదు.*

"జుట్టుకు గుడ్డు సొన పట్టించి వేడినీళ్ళతో కడగండి."
*వేడినీళ్ళట! తలమీదే ఆమ్లెట్ అయింది.
గుడ్డు రొగ్నేదా దగ్గర బదులు తెచ్చింది. ఇంకా తీర్చలేదు.*

"కొత్త బూట్లు కరుస్తుంటే లోపల కాస్త వోడ్కా పోసి నడవండి."
*కరవడం మానేశాయి.
ఆయన మూడు రోజులు
నాతోగానీ బూట్లతోగానీ మాట్లాడలేదు.*

నవ్వి నవ్వి
నేలమీదే కూలబడ్డాను, బ్రష్షు ఎండిపోతున్నా.

"మీకు తెలుసా?
ఆడవాళ్ళ చొక్కాకు గుండీలు ఎడమవైపెందుకో?
పూర్వం దొరసానులకు దాసీలు తొడిగేవారు కనుకనట."
*నాకు తొడిగేవాళ్ళు లేరు. అయినా ఎడమవైపే.*

నవంబరు రెండు.
"భర్త చిరాకుగా ఇల్లు చేరితే ప్రశ్నలేయకండి.
వేడి సూప్ పెట్టండి. జడకో రిబ్బను కట్టుకోండి."
*తొమ్మిదేళ్ళు పెట్టాను.*
అంతే. పెన్సిల్ నొక్కుకి
అవతల తేదీ చిరిగింది.

ఫిబ్రవరి పదకొండు.
"ఒంటిమీద కమిలిన చోట పచ్చి క్యాబేజీ ఆకు కట్టండి."
*పనిచేస్తుంది.*
కింద ఇంకో తారీఖు: *పనిచేస్తుంది.*
కింద ఇంకోటి.
కింద ఇంకోటి, తారీఖు కూడా లేకుండా.

ఆ రాత్రుల్లో గోడవతల వాసనకు
రేపు క్యాబేజీ సూప్ అనుకుని నిద్రపోయేదాన్ని.
పొద్దున సూప్ ఉండేది కాదు.
అడిగేదాన్ని కూడా, సూప్ ఏదని.

మళ్ళీ వెతికాను. ఆ ఏడాదిదే, ఏప్రిల్ కాగితం.
"తాళం బిగుసుకుంటే పెన్సిల్ ముల్లు గీకి పొడి వేయండి."
*అక్కర్లేదు. తాళమే మార్చాను.*

పక్కగదిలో
కపిటొలీనా, మా అమ్మ, ఎనభై ఒకటి దాటింది,
రేడియో పక్కన పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతోంది.
ఇవన్నీ ఎందుకు దాచావమ్మా అంటే,
"అచ్చేసినవాళ్ళకు పంపుదామనుకున్నా.
స్టాంపుల ధర పెరిగింది" అంది
పొట్టు ఊస్తూ.

క్యాబేజీ గురించి అడగబోయాను.
రేడియో గొంతు కొంచెం పెంచింది.

కాసేపటికి తనే,
"రంగు వాసన కొడుతోంది తయా,
ఉల్లిపాయ కోసి గదిలో పెట్టు" అంది.

డబ్బాలో తడిమితే దొరికింది, ఆగస్టు ఏడు:
*శుద్ధ అబద్ధం. రంగు వాసన పోలేదు,
పైన ఉల్లి వాసన.*
తీసుకెళ్ళి చూపించాను.
కళ్ళజోడు నుదుటిమీదికి నెట్టి
కాగితం ముక్కుదాకా తెచ్చుకుని చదివింది.

"ఈవిడెవరోగానీ
చేసిచూసి చెబుతోంది" అంది.
"అయితే కిటికీ తెరువు.
దీనికి క్యాలెండర్ దేనికి?"