ఎడమ తలుపు

ఫెలిక్‌స్టో రేవులో తెల్లవారి ఆరున్నర.
తెల్లవారడం గడియారం మాట,
ఆకాశానికింకా కబురు అందలేదు.
షెడ్డు ముందు నీలం కంటైనర్ ఒకటి
నలభై రోజుల సముద్రాన్ని
అంచుల వెంట తుప్పుగా కారుస్తోంది.

నా పని సీళ్ళు చదవడం.
చిటికెనవేలంత ఇనప మేకు, తలకి పసుపు టోపీ,
ఒంటి మీద ఏడంకెలు.
ఒకసారి టక్కుమన్నాక ఊడదు, కోయాల్సిందే.
కొత్తలో ఇది దొంగను ఆపుతుందనుకునేదాన్ని.
నెవిల్ నవ్వాడు. ముప్పై ఏళ్ళ రేవు మనిషి,
కుడిచేతికి రెండు వేళ్ళు తక్కువ.
"ఆపదు. వచ్చి పోయాడని చెబుతుంది, అంతే."
మా అమ్మమ్మయితే
ఆర్నెల్లకి మొరిగే కుక్క అనేది.

ఇవాళ కుక్క మొరగలేదు.
కాగితం మీద అంకెలు, మేకు మీద అంకెలు
వేలుపెట్టి చూశాను:
నాలుగు, సున్నా, సున్నా, తొమ్మిది...
ఏడూ కలిశాయి.
అంకెలు కలిసిన రోజే మాకు తొందరెక్కువ.
అవతల లారీలు హారన్ కొడుతుంటాయి,
ఇవతల టీ చల్లారుతుంటుంది.

నెవిల్ కత్తెర వేశాడు.
మేకు తల గచ్చు మీద దొర్లి
నా బూటు దగ్గర ఆగింది.
కుడి తలుపు తీశాం.
ముందు తడిచెక్క వాసన,
దాని వెనకాల, ఎక్కడో విన్న మాటలా, రాతిపొడి వాసన.
చీమకుర్తి నల్లరాయి.
పలకలు పలకలుగా చెక్క చట్రాల్లో నిలబడి ఉంది,
ఇప్స్‌విచ్‌లో ఎవరి వంటగట్టుకో
ఎవరి సమాధికో.

నెవిల్ చెయ్యి ఎడమ గడియ మీదకి పోయింది.

చట్రం మీద సుద్దగీతలు.
లెక్క గీతలేమో అనుకున్నాను.
ఈ రేవులో పదకొండేళ్ళుగా
నా కళ్ళకి తెలుగుతో పని పడలేదు,
అక్షరాలు కూడబలుక్కోవడానికి ఒక ఊపిరి పట్టింది:

ఎడంపక్క బెల్టు వదులు
మేస్త్రికి చెప్పా
ఇన్లా

"ఆగు!" అన్నాను.
తెలుగులో అన్నానని తర్వాత క్వాబెనా చెప్పాడు.
నెవిల్‌కి తెలుగు రాదు. అయినా ఆగాడు.
కేకకి భాషతో పనేముంది?

క్వాబెనా ఫోర్క్‌లిఫ్ట్ తెచ్చి
ఎడమ తలుపుకి ఇనప భుజం ఆనించాడు.
గడియ తీసి, అంగుళం అంగుళం వెనక్కి వచ్చాం.
రాయి మాతో పాటే వచ్చింది.
తలుపుకి చెంప ఆనించి, నిద్రపోతున్న ఏనుగులా,
రెండు టన్నుల నలుపు.
బెల్టు కింద పడి ఉంది, పాముకుబుసంలా, తెగకుండానే.
గాలిసంచి ఒకటి ఎప్పుడో చచ్చిపోయింది.

నెవిల్ తన మూడు వేళ్ళకేసి చూసుకున్నాడు.
ఏమీ అనలేదు. టీ తాగడానికి వెళ్ళి
చక్కెర వేసుకోకుండానే తాగేశాడు.

రిపోర్టులో గళ్ళున్నాయి.
సీల్ సరిపోయిందా? సరిపోయింది.
సరుకు కదిలిందా? కదిలింది.
ఎలా తెలిసింది? అన్న గడిలో
చాలాసేపు పెన్ను ఆడించి "చదివాను" అని రాశాను.
మధ్యాహ్నం ఆఫీసు నుంచి ఫోను:
ఏం చదివారు? ఏ పత్రం? నంబరెంత?

అతని పేరు లేదు. సంతకం లేదు.
చట్రం పక్కన తెల్లటి చేతిముద్ర సగం ఉంది,
బొటనవేలు పక్క వేలు ఆనవాళ్ళు మాత్రం.
మాట వినని మేస్త్రిని వదిలేసి
ఆ కాస్త సుద్దతో
ఎవరు తీస్తారో తెలియని తలుపుతో మాట్లాడిన మనిషి.
కట్టడం తన చేతిలో లేదు,
చెప్పడం ఉంది.

సాయంత్రానికి కంటైనర్ ఖాళీ అయింది.
ఇది మళ్ళీ ఆ ఊరు పోదు,
తుక్కు కాగితం నింపుకుని ఇంకెటో పోతుంది.
అది తెలిసీ
లోపలి గోడ మీద, వాన తగలని చోట రాశాను:
నేను ఇన్నా.
ఎవరికీ ఏం కాలా.

"ఏంటది?" అన్నాడు నెవిల్ బయటినుంచి.
"లెక్క" అన్నాను.
తలుపులు దగ్గరికి లాగాం. ఎడమది ముందు.
ఖాళీ పెట్టెకి సీల్ ఎందుకని
గడియ మాత్రం వేశాం.