గడువు తేదీ

న్యూలిన్ రేవులో పబ్బు వెనక గది.
తలుపు దగ్గర నేను,
మూతపడ్డ లైబ్రరీలో దొరికిన తేదీ ముద్రతో.
వచ్చినవాళ్ళ మణికట్టు మీద
ఈ రోజుని కొడతాను.
మొత్తం పద్నాలుగు మంది.
అందులో నలుగురు తర్వాత వాయించాల్సినవాళ్ళే.
ఒకామె బేస్ కుర్రాడి వాళ్ళమ్మ, చెవుల్లో దూది.

ఏ కంపెనీ సంతకమూ లేని బ్యాండు.
పేరు కూడా పోయినవారమే మార్చుకున్నారు.
డ్రమ్ముల వెనక కెరెన్సా
చేపల షెడ్డు నుంచి తిన్నగా వచ్చింది,
రబ్బరు బూట్లు విప్పే తీరికే లేదు.

మూడో పాటలో జేగో గిటారు తీగ తెగింది.
పాట ఆగలేదు, కుంటింది.
తర్వాతి బ్యాండు పిల్లాడు తన గిటారుని
ఏరు దాటించే పసివాణ్ణిలా
తలల మీదుగా అందించాడు.
శ్రుతి కలవలేదు.
ఆ కలవని శ్రుతిలోనే
గది మొత్తం ఒక అడుగు ముందుకు జరిగింది.
ఆమె దూది తీసేసింది.

పంచుకుంటే తలా మూడు పౌండ్లు.

తెల్లారి వేలంలో
కానాగంతలు తూస్తున్న కెరెన్సా చెయ్యి:
మంచుముక్కలు, పొలుసులు, ఉప్పునీళ్ళు,
ఇంకా చెరగని నిన్నటి తేదీ.
"గడువు దాటింది" అన్నాను.
తలెత్తకుండానే
త్రాసు పళ్ళెం మీద వేళ్ళతో
ఆ మూడో పాటే కొట్టింది,
కుంటిన చోట కుంటుతూ.