కింది అంచు

"సేవ్ బటన్ పోయింది" అని ఫోను.
ఎక్కడికి పోయిందని అడిగాను.
"తెలిస్తే నీకెందుకు చేస్తాను" అంది త్సియురి,
ఓజుర్గేతి దగ్గర తేయాకు తూచే గదిలోంచి.
రేకుల మీద వాన
ఫోనులో కూడా తడిగానే వినిపించింది.

కుతైసి నుంచి రెండు గంటలు, కిటికీ మూతపడని వ్యానులో.
సంచిలో ఒక స్క్రూడ్రైవరు, రెండు పెన్‌డ్రైవులు,
సగం తిన్న జున్నురొట్టె.

ఆ ప్రోగ్రాం ఒతారి రాసింది,
పదహారేళ్ళ కిందట, పలకలాంటి చదరపు తెర కోసం.
ఒతారి ఇప్పుడు తేనెటీగలు పెంచుకుంటున్నాడు.
అడిగితే "కోడు గుర్తులేదు, తేనె కావాలా" అన్నాడు.

ముందు అందరూ చేసేదే చేశాను.
మూసి తెరిచాను.
వ్యూ మెనూలో టూల్‌బార్ పక్కన టిక్కు ఉంది,
సాక్ష్యానికి పిలిస్తే వచ్చి ఊరికే నిలబడ్డవాడిలా.
సెట్టింగుల ఫైలు పేరు మార్చాను, కొత్తది పుట్టింది,
పాతదాని రోగంతోనే పుట్టింది.
మొత్తం తీసేసి మళ్ళీ ఎక్కించాను.
థీము మార్చాను, బూడిదరంగు కిటికీ నీలమైంది.
పేరు గడి ఉంది, బరువు గడి ఉంది, తేదీ ఉంది.
చివర క్రియ రాయడం మరిచిన వాక్యంలా
అన్నీ ఉండి, జరగాల్సింది లేదు.

మరి పన్నెండు రోజులుగా ఎలా నెట్టుకొస్తున్నావన్నాను.
త్సియురి చూపుడువేలు ఎత్తింది.
ట్యాబ్, ట్యాబ్, పెదవులు కదుపుతూ, ఏడు దాకా.
ఆ తర్వాత స్పేస్.
కరెంటు పోయినప్పుడు మెట్లు దిగేవాళ్ళ లెక్క అది.
"ఎక్కడో ఉంది. పిలిస్తే పలుకుతోంది. కనపడటం లేదంతే."

ఒక్కరోజు తప్పింది.
నతేలా వచ్చి తన బుట్ట తరుగు గురించి పోట్లాడుతుంటే
ఆరు దగ్గరే నొక్కేసింది.
ఆరోది రద్దు.
నలభైమూడు బుట్టల ఆకు,
పొద్దుట్నుంచీ వంగి కోసిన నడుములు,
చప్పుడు లేకుండా తెల్లబడ్డాయి.
రాత్రి పదకొండు దాకా కూర్చుని చీటీల్లోంచి మళ్ళీ ఎక్కించింది.
ఎవరికీ చెప్పలేదు.
నాకు చెబుతున్నప్పుడు కూడా
చీటీల కట్టకేసి చూస్తూనే చెప్పింది.

అప్పటికిగానీ అడగాలని తోచలేదు నాకు,
అక్షరాలు ఇంత లావుగా ఉన్నాయేమిటని.
"కంటి ఆపరేషను తర్వాత గోచా చేసిపెట్టాడు,
మా చెల్లెలి కొడుకు. నూటయాభై శాతమట."

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికాను,
అదీ గంటకింతని డబ్బు తీసుకుని.
అక్షరాలు పెరిగాయి, గడులు పెరిగాయి,
కిటికీ నిలువునా ఎదిగింది,
తెర ఎదగలేదు.
ఆల్ట్ పట్టి, స్పేస్ నొక్కి, 'జరుపు' ఎంచుకుని
పైబాణం మీద వేలు అదిమి ఉంచాను.
బావిలోంచి చేద వచ్చినట్టు కిటికీ పైకొచ్చింది,
కింది అంచున బటన్లు, ఒకటి కాదు, నాలుగు,
ఏమీ ఎరగనట్టు.

ఇక బేరం మొదలు.
అక్షరం తగ్గిస్తే బటన్ ఉంటుంది, మనుషుల పేర్లు చెదిరిపోతాయి.
పెంచితే పేర్లుంటాయి, దాచే దారి నేలలోకి దిగిపోతుంది.
ఒతారి ఏ కన్నుకు కొలిచి కుట్టాడో,
అది మాత్రం ఈ గదిలో ఎవరిదీ కాదు.

చివరికి తెరనే తిప్పాను.
అడ్డంగా పడుకున్నదాన్ని నిలువుగా లేపాను.
స్టాండు ఒప్పుకోలేదు.
తేయాకు పెట్టె చెక్క ఒకటి వెనక ఆనించి
బస్తా తాడుతో కట్టాను.
నాకు తెలిసిన సాంకేతిక విద్యలో
ఇవాళ పనికొచ్చింది ఆ ముడి.

త్సియురి కళ్ళజోడు తుడిచి పెట్టుకుంది.
పై నుంచి కింది దాకా చూసింది.
"ఇదా" అంది, చిన్నప్పటి అప్పులవాణ్ణి గుర్తుపట్టినట్టు.

బయట ట్రాక్టరు ఆగింది.
తడి ఆకు, తూకం ముల్లు, ఎవరిదో పేరు.
మౌసు మీదికి చెయ్యి వెళుతుందని చూస్తున్నాను.
ట్యాబ్, ట్యాబ్,
పెదవులు కదులుతున్నాయి.
ఆరు దగ్గర ఊపిరి బిగబట్టింది.
ఏడు.